ప్రార్థన చేయించిన లాప్‌టాప్

నా భార్య ఏం పని చేస్తుందో నాకు పద్నాలుగేళ్లు తెలియదు. తెలుసనే అనుకున్నాను. ఎవరైనా అడిగితే “ఛత్తాబజార్‌ల టైపింగ్ చేస్తది” అని చెప్పేవాణ్ని. రోజూ పొద్దున జల్‌పల్లి నుంచి బండి మీద తీసుకొచ్చి, ప్రింటింగ్ షాపు కింద దించి, నేను దబీర్‌పురా స్టేషన్ వైపు డ్యూటీకి పోయేవాణ్ని. రైల్వేలో సిగ్నల్ టెక్నీషియన్ని. షాపు మొదటి అంతస్తులో ఉంటుంది. మెట్లు ఇరవైకి మించవు. ఒక్కరోజు కూడా ఎక్కి చూడలేదు.

పోయిన ఎండాకాలం సంగతి ఇది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెప్పాలి. ఎందుకంటే ఇదే సంగతి ఒకసారి నిండు చర్చిలో మైకు పట్టుకుని చెప్పాను, అప్పుడు చెప్పినదాంట్లో నిజం గోరంత కూడా లేదు.

ఏప్రిల్ మొదటి వారంలో మా అమ్మాయి సోనీ తన స్నేహితురాలి స్కూటీ మీద వెనక కూర్చుని వస్తూ పహాడీషరీఫ్ రోడ్డు మీద పడింది. కాలి ఎముక విరిగింది. రాడ్ వేశారు. రెండు నెలలు కాలు కింద మోపొద్దన్నాడు డాక్టర్. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అప్పటికే అయిపోయాయి కాబట్టి సరిపోయింది. కానీ బాత్రూముకు తీసుకుపోవాలన్నా ఒక మనిషి ఇంట్లో ఉండాలి.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే నా భార్య కళావతి మాట తీసింది.

“సీజన్ షురూ అయింది సోనీ డాడీ. జూన్ దాంక అన్నీ ముహూర్తాలే. మా షాపు ప్రకాశం సార్‌ను అడిగిన. ఇంట్ల మిషన్ ఉంటె ఇంటికాన్నుంచే చేసి పంపుమన్నడు. చిన్నదైనా ఫికర్ లేదు, షాపుల పెద్దది ఎట్లనో ఉంటది. గని మిషన్ లేకుంటె వేరే ఆపరేటర్‌ని పెట్టుకోక తప్పదన్నడు. పెండ్లి కార్డుల పని ఆగదు గదా.”

“నీ కుర్చీ యాడికి పోదు. లాప్‌టాప్ నేను కొంట,” అన్నాను.

“అయితే నేను గూడ వస్త.”

“మరి సోనీ దగ్గర ఎవలుంటరు?”

కళావతి సోనీ వైపు చూసింది. “సరే. కొనే ముందు ఒక్క ఫోన్ చెయ్యి. మా పని దాంట్ల నడుస్తదో లేదో దుకాణం ఆయన్ని నేనే అడుగుత.”

“చేస్తలే.”

“మర్సిపోకు.”

“చేస్తనన్న గదా!” అన్నాను. లాప్‌టాప్ కొనడం కూడా చేతకాని వాణ్నా అని లోపల చిన్నగా పొడుచుకుంది.

కోఠికి నాతోపాటు దీక్షిత్ గారిని తీసుకుపోయాను. ఆయన మా ఆఫీసులో క్లర్కు, రాజమండ్రి వైపు మనిషి. కంప్యూటర్ల విషయంలో మా స్టాఫ్ అందరికీ ఆయన మాటే ఆఖరు.

“షాపులో పెద్దది ఉండగా ఇది రెండోదే కదండీ కృపాకర్ గారూ,” అన్నాడు దారిలో. “ఇంట్లో ఏదో కాస్త టైపింగు. దానికి ఏనుగంత మిషను దేనికండీ? పదకొండు అంగుళాల స్క్రీను, కిలో బరువు, ఒకసారి ఛార్జింగు పెడితే రోజంతా వస్తుంది. అన్నీ ఇంటర్నెట్‌లోనే తెరుచుకుంటాయి, వైరస్ గొడవ కూడా లేదు. మా ఆవిడకి అదే కొనిచ్చాను. వంటలు చూసుకుంటోంది.” కోఠి దగ్గరపడుతుంటే, “అసలు మీకు లీవు బోలెడుంది కదండీ? రెండు నెలలు పెట్టేస్తే ఈ బెడదే లేదు కదా?” అన్నాడు.

“ఇంటి పనికి లీవేంది సార్?” అన్నాను నవ్వి. కళావతితో మాత్రం ఎండాకాలం రష్‌లో లీవు దొరకదని చెప్పి ఉన్నాను. అడిగి చూడనైనా లేదు.

దుకాణంలో తెల్లగడ్డం పెద్దమనిషి. దీక్షిత్ గారు చూపించిన చిన్న లాప్‌టాప్ తీసి గల్లాబల్ల మీద పెట్టాడు. వెండి రంగులో ముద్దుగా ఉంది. పదహారు వేల చిల్లర. ఒక చేత్తో లేపి చూశాను, టిఫిన్ డబ్బా అంత బరువు కూడా లేదు.

“క్యా కామ్ కర్నా భాయ్ ఇస్ మే?” దీంట్లో ఏం పని చేస్తారని అడిగాడు పెద్దమనిషి.

“టైపింగ్.”

“ఎవరు చేస్తరు?”

“మా ఇంటామె.”

“ఏ సాఫ్ట్‌వేర్ వాడ్తరామె? సిస్టమ్ల ఎక్కించేటియి ఉంటె ఇది పన్జెయ్యది. ముందే చెప్తున్న, మళ్ల లొల్లి వద్దు.”

ఏ సాఫ్ట్‌వేర్? నాకేం తెలుసు? ఫోన్ చొక్కా జేబులోనే ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది కూడా. ఒక్క బటన్ నొక్కితే కళావతి ఎత్తుతుంది. కానీ పక్కన దీక్షిత్ గారు నా ముఖమే చూస్తున్నాడు. దుకాణంలో ఇంకో ఇద్దరున్నారు. ముప్పై ఏళ్లుగా తీగెలు, రిలేలు పట్టుకుని బతికేవాణ్ని, పెండ్లాంకు ఫోన్ చేసి ఇదేంది, అదేంది అని అడుగుతుంటే ఎట్లా ఉంటుంది? చెయ్యి జేబు మీద నుంచి తీసేశాను.

“సాఫ్ట్‌వేర్ గీఫ్ట్‌వేర్ ఏం లేదు భాయ్. ఉత్త టైపింగే,” అన్నాను.

ఇంటికి డబ్బాతో పోయేసరికి కళావతి గుమ్మంలోనే ఉంది. “ఫోన్ చెయ్యకపోతివి?”

“అక్కడ సిగ్నల్ లేదు.” సిగ్నల్లు బాగుచేసే ఉద్యోగం నాది, ఆడిన అబద్ధం అది.

ఆమె డబ్బా విప్పబోతే ఆపాను. మా చర్చి సంఘంలో ఒక అలవాటుంది. కొత్త బండి కొన్నా, ఫ్రిజ్జు కొన్నా, ఆఖరికి గ్యాస్ స్టవ్వు మార్చినా పాస్టర్ గారు వచ్చి చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యకముందు వాడరు. నేనైతే ఇంకో మెట్టు పైకెక్కి శనివారం సాయంత్రం కృతజ్ఞతా కూడిక పెట్టాను. పది కుటుంబాలను పిలిచాను. చికెన్ బిర్యానీ చెప్పాను. మూడు రోజులు ఆ డబ్బా సీలుతోనే టీవీ పక్కన కూర్చుంది. అప్పుడే విప్పి చూసుంటే మర్నాడే వాపసు ఇచ్చేవాళ్లం. ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు.

శనివారం జోయెల్ పాస్టర్ గారు వచ్చారు. సోనీ దివాన్ మీద కాలు దిండ్లకెత్తి కూర్చుంది. పాట పాడాం. పాస్టర్ గారు డబ్బా మీద చెయ్యి పెట్టి, “ప్రభువా, ఈ చిన్న యంత్రమును నీ హస్తములకు అప్పగించుచున్నాము. నీ కుమార్తె చేతిపనిని స్థిరపరచుము” అని ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. నేను అందరికంటే గట్టిగా అన్నాను.

“అమ్మా, ఏదన్న కొట్టి సూపియ్యి,” అంది పక్కింటి సావిత్రమ్మ.

కళావతి ముంగాళ్ల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి షాపువాళ్లిచ్చిన పెన్‌డ్రైవ్ తీసి పక్కన గుచ్చింది. ఏదో వచ్చింది తెర మీద. మళ్లీ తీసి, మళ్లీ గుచ్చింది. మళ్లీ అదే వచ్చింది. ఆమె పెదవులు బిగిశాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తలెత్తి నా ముఖంలోకి చూసింది.

“చూడుండ్రి, చూడుండ్రి! మా కళకు సంతోషం ఆగుతలేదు!” అన్నాను నేను.

“స్తోత్రం!” అన్నారందరూ.

కళావతి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పెన్‌డ్రైవ్ పీకి గుప్పిట్లో పెట్టుకుంది. తర్వాత తెర మీద ఏదో తెల్ల పేజీ తెరిచి, ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలతో ‘ప్రైజ్ ద లార్డ్’ అని కొట్టి అందరి వైపూ తిప్పి చూపించింది. చప్పట్లే చప్పట్లు. సోనీ ఒక్కతే కొట్టలేదు. అది కూడా నాకు తర్వాతే గుర్తొచ్చింది.

అందరూ పోయాక గిన్నెలు తోముతుంటే అడిగాను. “ఎట్లుంది మిషన్?”

“మంచిగుంది,” అంది, తల తిప్పకుండా.

ఆ మరుసటి ఆదివారం, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ నేనే లేచి మైకు అడిగి తీసుకున్నాను. బిడ్డకు దెబ్బ తగలడం, భార్య ఉద్యోగం పోయే గండం, దేవుడు నాకు మంచి ఆలోచన ఇవ్వడం, తక్కువ ధరలో మంచి లాప్‌టాప్ దొరకడం, అన్నీ వరసపెట్టి చెప్పాను. “దాన్ని చూసి నా భార్య ఏడ్చింది సహోదరులారా,” అన్నాను. ఆడవాళ్ల వైపు కళావతి తల వంచుకుని కూర్చుని ఉంది. వినయం అనుకున్నాను.

తర్వాత నెలరోజులు ఇల్లు ప్రశాంతంగా నడిచింది. డ్యూటీ నుంచి వచ్చేసరికి లాప్‌టాప్ బల్ల మీద మూత తెరిచి ఉండేది. “పని నడుస్తుందా?” అంటే “నడుస్తుంది” అనేది. ముఖం మాత్రం నల్లబడింది, ఒంటి నిండా చెమటకాయలు. ఇంట్లో కూర్చుని పనిచేసే మనిషికి ఎండ ఎక్కడ తగిలిందని నాకు తట్టలేదు. పైగా కొలీగ్స్‌లో ఇద్దరికి అదే లాప్‌టాప్ కొనుక్కొమ్మని సలహా ఇచ్చాను.

మే నడిమధ్యలో ఒకరోజు పన్నెండున్నరకు సావిత్రమ్మ ఫోన్ చేసింది. “సోనీ బాత్రూముల జారింది బిడ్డా. కాలుకేం కాలే, మోచెయ్యి కొట్టుకపోయింది. జెర జల్దిరా.”

“కళ ఏది?”

సావిత్రమ్మ ఆ మాట దాటేసింది. “నువ్వైతే రా,” అంది.

బండి ఎట్లా తోలానో తెలియదు. పోయేసరికి సోనీ దివాన్ మీద మోచేతికి పసుపు అద్దుకుని కూర్చుంది. పక్కన లాప్‌టాప్‌లో సినిమా ఏదో ఆపి ఉంది. కళావతి లేదు.

“మమ్మీ యాడికి పోయింది?”

“షాపుకు.”

“షాపుకేంది? పని ఇంట్లనే చేస్తుంది గదా?”

సోనీ నా వైపు చూసిన చూపు నేను బతికున్నన్ని రోజులు మర్చిపోను. కోపం కూడా కాదు, జాలి.

“దీంట్ల మమ్మీ పని నడ్వది డాడీ. కార్డులు చేసే సాఫ్ట్‌వేర్, తెలుగు ఫాంట్లు, ఏదీ ఎక్కది. ప్రార్థన రోజే తెల్సింది. రోజు పదకొండింటికి షేర్ ఆటోల పోయి మూడింటికి వస్తది. అప్పటిదాంక సావిత్రమ్మ ఆంటీ నన్ను చూస్తది. ఇయ్యాల ఆంటీ రేషన్ షాపుకు పోయింది, నేనే లేచిన.”

“నాకెందుకు చెప్పలే?”

“నువ్వు చర్చిల చెప్పినవ్ గదా.”

మూడింటికి కళావతి వచ్చింది. చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోయి ఉంది. మోచెయ్యి చూసి సోనీని పట్టుకుని కూలబడిపోయింది. అప్పుడు నేను చేసిందేమిటి? మంచినీళ్లిచ్చానా? లేదు. అరిచాను.

“నెల రోజులు నన్ను పిచ్చోణ్ని చేసినవా? అబద్ధాలాడతవా నాతోని?”

కళావతి అరవలేదు. “పది కుటుంబాలల్ల, నిండు చర్చిల నిలబడి గంత సంబరంగ చెప్పినవ్. అందరి ముంగట నీ మాట కింద పడెయ్యమంటవా?” అంది. “ఇగ పోను తియ్యి. పిల్లకు ఏమన్న అయితె నేను తట్టుకోలేను. సార్‌కు చెప్పేస్త.”

ఆ సాయంత్రమే ఫోన్ చేసి రానని చెప్పేసింది. వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికేసుకుని మాట్లాడింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు.

రెండు రోజులు ముఖాలు చూసుకోలేదు మేము. కోఠికి పోతే తెల్లగడ్డం పెద్దమనిషి సీలు విప్పి నెల దాటినది వాపసు తీసుకోనన్నాడు. “నేను అడిగిన గదా భాయ్. మీరే ఉత్త టైపింగ్ అంటిరి,” అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఇంకోటి కొందామంటే సోనీ ఆపరేషన్‌కే ఉన్నదంతా ఊడ్చిపెట్టాం. ఇక మిగిలింది లీవే. మూడో రోజు అర్జీ పెట్టాను. ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. సోమవారం నుంచి ముప్పై రోజులు మంజూరు చేసేశారు. అంత తేలిక.

“సోమవారం కాన్నుంచి సోనీని నేను చూసుకుంట. నువ్వు షాపుకు పో. ప్రకాశం సార్‌తోని నేను మాట్లాడుత,” అన్నాను.

“వద్దు. నేను మాట్లాడుకుంట. సార్‌తోని ఎట్ల మాట్లాడాల్నో నాకు తెల్సు,” అంది కళావతి.

వద్దని స్పష్టంగా అంది. అయినా శనివారం డ్యూటీ మధ్యలో నేను పోయాను. తెచ్చిన చెడ్డపేరు నేనే తుడిచి, తీపి కబురు ఇంటికి పట్టుకుపోవాలని నా ఆశ. పద్నాలుగేళ్లలో మొదటిసారి ఆ మెట్లెక్కాను.

చిన్న గది. కాగితం వాసన. ప్రకాశం గారు అరవై దాటిన మనిషి, బనీను మీద చొక్కా గుండీలు విప్పుకుని ఫ్యాను కింద ఉన్నారు. కిటికీ పక్క పెద్ద కంప్యూటర్, దాని ముందు పాత చీరతో కుట్టిన మెత్త ఉన్న కుర్చీ. ఆ చీర నేను ఎరుగుదును. ఆ కుర్చీలో ఇరవై రెండేళ్ల అమ్మాయి కూర్చుని ఉంది. వెనక పెండ్లివారు ఐదారుగురు నిలబడి ఒకేసారి మాట్లాడుతున్నారు. పెదనాన్న పేరు పైన రావాలని ఒకరు, చనిపోయిన తాత పేరు ముందుండాలని ఒకరు, మేనమామ పేరు లేకపోతే కార్డే వద్దని ఇంకొకరు. ఆ అమ్మాయి బిక్కమొహం వేసుకుని అటూ ఇటూ చూస్తోంది.

“కళావతి ఉంటె ఈ లొల్లి ఐదు నిమిషాలల్ల తెంపుతుండె,” అన్నారు ప్రకాశం గారు నాకు స్టూలు జరిపి, చాయ్ చెప్పి. “ఎవరి పేరు యాడ పెడితె ఎవరు అలగరో ఆమెకు మస్తు ఎరుక. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకోబోతె, ఇద్దరి పేర్లు ఒకే వరసల పెట్టి, ఒకలది పెద్దగ కనపడకుండ, ఒకలది చిన్నగ కనపడకుండ చేసింది. ఇద్దరు దండం పెట్టి పోయిన్రు. గోడ మీద చూడుండ్రి, అన్నీ ఆమె చేసినయే.”

గోడ నిండా కార్డులు. ముత్యాల్లాంటి అక్షరాలు, లతలు, కలశాలు, సిలువలు, చంద్రవంకలు. ఉత్త టైపింగ్ అని నేను చెప్పిన పని అది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

“సార్, సోమవారం కాన్నుంచి కళ వస్తది. నాకు లీవు దొరికింది,” అన్నాను.

ఆయన ఇబ్బందిగా కదిలారు. “ఈ పాపను నిన్ననే పెట్టుకున్ననయ్యా. బిందుమాధవి. సీజన్ దాంక అని మాట ఇచ్చిన. కళావతి రెండు నెలలు ఇంట్ల చేస్తనంటె నేను ఆగుతుంటి గదా. ఏం చేస్తం? ఆమెనే చెప్పింది. ‘మా ఆయన మంచి లాప్‌టాపే తెచ్చిండు సార్, నాకే కొత్తది చేతికి వస్తలేదు. నేర్సుకోలేకపోతున్న’ అని. నెల సంది అదే మాట. నాకైతె పరేషాన్ అయింది. ఇన్నేండ్లు అన్నీ చేసిన మనిషి చిన్న లాప్‌టాప్‌కు భయపడుడేంది? వయసు అయితుందా, లేకుంటె ఊకె అంటుందా, సమజ్ గాలే.”

చాయ్ వచ్చింది. చేతిలోకి తీసుకున్నాను. అందరిలోకీ పనిమంతురాలు, పని రాదని తన నోటితో తనే చెప్పుకుంది. నన్ను కాపాడటానికి. నేను అప్పుడు ఒక్క మాట చెప్పాలి. తప్పు నాది సార్, ఆమెది కాదు. అంతే.

ప్రకాశం గారు నా ముఖం చూస్తున్నారు. “మీరు మంచిదే కొన్నరు గదా?” అన్నారు.

“అవ్ సార్,” అన్నాను. “మంచిదే. ఆమెకు ముందుకాన్నుంచి కొత్తయంటె కొంచెం భయం.”

అన్నాను. ఆ మాటలే అన్నాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. చాయ్ మొత్తం తాగి, గ్లాసు స్టూలు కింద పెట్టి, నమస్తే చెప్పి మెట్లు దిగాను.

కింద బండి ఎక్కాను, కానీ స్టార్ట్ చెయ్యలేకపోయాను. పద్నాలుగేళ్లు ఆమెను దించిన చోటు అదే. నా మీద నాకు అసహ్యం వేసింది. ఎండలో పది నిమిషాలు అట్లాగే కూర్చుని, దిగి, మళ్లీ మెట్లెక్కాను. నేను పోయేసరికి ప్రకాశం గారు ఎవరితోనో ఫోన్లో మాట్లాడి పెట్టేస్తున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోయారు.

“సార్, అది మంచిది కాదు. మీ పని దాంట్ల నడ్వదు. దుకాణం ఆయన అడిగిండు, నేను కళకు ఫోన్ గూడ చెయ్యకుంట కొన్న. ఆమెకు అన్నీ వస్తయి. నాకే ఏం రాదు. ఇందాక నేను చెప్పింది అబద్ధం.”

పెండ్లివాళ్లు పేర్ల గొడవ ఆపి నా వైపు తిరిగారు. బిందుమాధవి కుర్చీలోంచి సగం లేచింది, ఏదో తన తప్పైనట్టు. ప్రకాశం గారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

“వారం కింద ఈ ముక్క చెప్పకపోతివా కృపాకర్?” అన్నారు. అప్పటిదాకా పెట్టిన గారూ, మీరూ పోయాయి. “ఇచ్చిన మాట ఎట్ల తప్పను? ఆషాఢంల చూద్దాం. పని ఉంటె పిలుస్త.”

ఆషాఢంలో పెండ్లిళ్లుండవు. పని ఉండదని ఇద్దరికీ తెలుసు.

డ్యూటీ దిగి ఇంటికి పోతుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, మనసు తేలికపడింది. ఆలస్యంగానైనా నిజం చెప్పాను గదా. నలుగురి ముందు చెప్పాను గదా. చాంద్రాయణగుట్ట దాటేసరికి కళావతికి ఎట్లా చెప్పాలో మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టాను. ఎప్పటికైనా దీన్ని కూడా సాక్ష్యంగా చెప్పొచ్చు అన్న ఆలోచన కూడా వచ్చింది. మనిషిని అట్లాంటివాణ్ని.

కళావతి సోనీ కాలి దగ్గర కూర్చుని గోళ్లు తీస్తోంది. నేను చెప్పులు విప్పి ఎదురుగా కూర్చున్నాను.

“ప్రకాశం సార్ దగ్గరికి పోయిన,” అన్నాను. “అంతా చెప్పేసిన. నీకు రాక కాదు, నేనే నిన్ను అడగకుంట కొన్న అని చెప్పిన. అందరి ముంగట.”

ఆమె చిటికెన వేలి గోరు కూడా తీసింది. తీసిన ముక్కలన్నీ కాగితంలో ఎత్తి మడిచింది.

“సార్ ఫోన్ చేసిండు,” అంది. “నువ్వు షాపు మెట్లు దిగంగనే. మీ ఆయన గూడ అదే అంటున్నడమ్మా, నీకు కొత్తయంటె ముందుకాన్నుంచి భయమట గదా, బాధపడకు, ఇంటిపట్టున ఉండుమని చెప్పిండు.”

నేను విప్పిన చెప్పుల వైపు చూశాను.

“పద్నాలుగేండ్ల సంది నా పని చూస్తున్న సార్, ఇంతకుముందు నా మాటలు ఊకె అంటున్న అనుకున్నడంట. ఇంటాయన గూడ అన్నంక నమ్మిండంట,” అంది కళావతి. గొంతు పెరగలేదు. కళ్లు మాత్రం నా మీద నుంచి తియ్యలేదు. “నేను అబద్ధమాడింది నీ కోసం. నువ్వు ఎవరి కోసం ఆడినవ్?”

సోనీ కూడా నన్నే చూస్తోంది. కూర్చుకొచ్చిన మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు.

“నా కోసమే,” అన్నాను.

కళావతి తలూపింది. లేచి, మడిచిన కాగితం తీసుకుని బయట పడెయ్యడానికి పోయింది.